అయిదూ ముప్ఫై నాలుగు

మే 19, మంగళవారం, ఉదయం

ముందు ఒక్క ముక్క రాసి పెట్టుకుంటాను. నేను ఫోన్ చేశాను. నిన్న సాయంత్రం 5:41కి. టోర్నడో సుడి నేలని తాకడం కళ్ళారా చూసి, వాతావరణ ఆఫీసుకి ఫోన్ చేసి, మేం ఏ రోడ్డు మీద ఉన్నామో, అది మాకు ఎటువైపు ఎంత దూరంలో ఉందో, ఎటు పోతోందో అన్నీ వరసగా చెప్పాను. పద్నాలుగేళ్ళుగా సుడుల వెంట తిరుగుతూ చేస్తున్న పనే కదా. గొంతు కూడా వణకలేదు.

ఎల్‌డ్రిక్ ఊరికి పడమర, మట్టిరోడ్డు మీద మేమిద్దరమే ఉన్నాం, నేనూ కర్టూ. నేను బండి నడుపుతాను. వాడు రాడార్ చూస్తాడు, కెమెరా చూస్తాడు, పొద్దుతిరుగుడు గింజలు నమిలి తొక్కలు నా కాఫీ కప్పులో ఉమ్ముతాడు. ఊళ్ళో నాలుగొందల మంది ఉంటారు. సైరన్ మోగగానే అందరూ నేలమాళిగల్లోకి దిగారు. టోర్నడో ఊరిని వదిలేసి ఉత్తరంగా పోయింది. పోతూ పోతూ క్రౌడర్ వాళ్ళ ఇల్లు పట్టుకుపోయింది.

అక్కడికి మేమే ముందు వెళ్ళాం. వెళ్ళి ఆగాం. ఆగకుండా సుడి వెనకాల పరిగెత్తేవాళ్ళు ఎంతమంది లేరు! మేం ఆగాం. ఇది కూడా రాసి పెట్టుకోవాలి.

లియోటా క్రౌడర్, డెబ్భై రెండేళ్ళావిడ, ఇంటికీ పెరట్లో ఉన్న నేలమాళిగకీ మధ్య గడ్డిలో పడి ఉంది. మాళిగ తలుపుకి ఇంకా సగానికి పైగా దూరం ఉంది. రెండు మోకాళ్ళూ పాడైన మనిషట. అంబులెన్సు వచ్చేదాకా ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. ఈలోపు ఆవిడ భర్త వెండెల్ ధాన్యం గిడ్డంగి నుంచి పికప్ వేసుకుని వచ్చాడు. ఆవిడని అంబులెన్సు ఎక్కించాక, తను కూడా ఎక్కబోతూ వెనక్కి తిరిగి నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

"నువ్వే కదా ఫోన్ చేసింది, అమ్మా? పోలీసు డిప్యూటీ చెప్పాడు. నువ్వు చేయబట్టి ఊరు బతికింది."

"అవునండీ" అన్నాను. అన్నానంటే, చేశాను కాబట్టే అన్నాను.

మే 20, బుధవారం

నెబ్రాస్కా వైపు పోతున్నాం. ఆకాశంలో చెప్పుకోదగ్గ మబ్బు ఒక్కటీ లేదు. పెట్రోలు బంకులో బురీటోలు తిన్నాం, వాటిని తిండి అనగలిగితే.

కర్ట్ తీసిన వీడియో మూడు చానెళ్ళలో వేశారు. పచ్చటి గోధుమచేలు, నల్లటి మబ్బు, తెల్లటి గరాటులాంటి సుడి, చుట్టుపక్కల ఒక్క కారు లేదు. ఈ రోజుల్లో అలాంటి బొమ్మ ఎవరికి దొరుకుతుంది? ఎక్కడ సుడి పుడితే అక్కడ వంద కార్లు, తిరనాళ్ళలాగా.

"సౌండ్ తీసేశాను, మార్వా. గాలి గోల మరీ ఎక్కువగా ఉంది" అన్నాడు కర్ట్.

"సరే" అన్నాను.

"మొదట్లో కొంచెం కోసేశాను కూడా. కెమెరా ఊగుతోంది."

"సరే అన్నాను కదరా బాబూ."

మే 21

5:41.

మే 22, శుక్రవారం

వెండెల్ ఫోన్ చేశాడు. ఆ రోజు నేనే నంబరు ఇచ్చి వచ్చాను, ఏమైనా కావాలంటే చెయ్యండని. అలా ఇవ్వడం మర్యాద. నిజంగా చేస్తారని ఎవరూ అనుకోరు.

లియోటాని విచిటాలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. గొట్టంతో ఊపిరి ఆడిస్తున్నారు. కళ్ళు తెరవలేదు. ఇదంతా ఆయన పొలం సంగతి చెప్పినట్టు నిదానంగా చెప్పాడు. తర్వాత గొంతు మారింది.

"అమ్మా, నిన్నొకటి అడగాలి. నువ్వు అక్కడ ఉన్నావు, చూశావు, నీకు తెలుస్తుంది. సైరన్ వినగానే నేను గిడ్డంగి నుంచి దానికి ఫోన్ చేశాను. పెరట్లో గుంటలోకి దిగవే అని చెప్పడానికి. అది దిగితేనా? నువ్వెక్కడున్నావు, లోపలికి పోయావా లేదా అని నన్నే సతాయించింది. యాభై ఏళ్ళుగా అంతే, దానికి నా గోలే. నేను కసిరాను. అది ఎదురు చెప్పింది. నిమిషమో నిమిషమున్నరో పోయింది అలా."

"ఊఁ."

"సైరన్ మోగాక మా ఇంటిమీదకి రావడానికి ఎంతసేపు పట్టి ఉంటుంది? ఆ మోకాళ్ళతో గుంటదాకా పోవడానికి దానికి నాలుగు నిమిషాలు కావాలి. చాలాసార్లు చూశాను. నాలుగు చాలు. ఎంతసేపు ఉంది తల్లీ దానికి?"

నేను కారు పక్కన నిలబడి ఉన్నాను. ఎండ మొహం మీద కొడుతోంది. మూడు నిమిషాలు అని నాకు తెలుసు. 5:43కి సైరన్, 5:46కి ఆ ఇల్లు. కానీ మూడు అంటే, మరి నువ్వు ఫోన్ చేసేసరికే అది అంత దగ్గరికి ఎలా వచ్చేసిందమ్మా అని అడుగుతాడు కదా.

"ఆరేడు నిమిషాలు ఉండొచ్చండీ. సరిగ్గా గుర్తులేదు" అన్నాను.



"అయితే దిగి ఉండేది" అన్నాడు. "ఫోన్ చేయకుండా ఉంటే సరిపోయేది."

కాదండీ, అలా అనుకోకండి, అంతా దైవాధీనం, ఇలాంటి చెత్తంతా వాగాను. థాంక్స్ చెప్పి పెట్టేశాడు. నాకు థాంక్స్!

మే 23, శనివారం

ఆరేడు అన్నది అంత పెద్ద అబద్ధమేం కాదు. సరిగ్గా గుర్తులేదు అని కూడా అన్నాను.

మధ్యాహ్నం వాతావరణ ఆఫీసు నుంచి సుడి పోయిన దారి సర్వే చేసే ఆయన మెయిల్ పెట్టాడు. అది మొట్టమొదట నేలని తాకింది ఎన్ని గంటలకి, మీ దగ్గర కోయని వీడియో ఉంటే పంపగలరా, మీ సహాయానికి ధన్యవాదాలు. ఆ మూల రాడార్‌కి బాగా దూరం. పై మబ్బే తప్ప నేల దగ్గర ఏం జరుగుతోందో దానికి కనపడదు. అక్కడ ఉన్నవాళ్ళ కళ్ళే దిక్కు. అందుకని మర్యాదగానే అడుగుతారు.

"చానెళ్ళకి ఇచ్చిందే పంపుదాం" అన్నాడు కర్ట్.

"అది 5:41 నుంచే ఉంది కదా."

"అవును."

"అంతకుముందుది ఉందా?"

"ఉంది. నా దగ్గర ఉంది. అక్కడే ఉండనీ." వాడు నా మొహంలోకి చూడలేదు. "మార్వా, దీన్ని నెత్తికెత్తుకోకు. ఆ ముసలావిడ గురించి నాకూ బాధగానే ఉంది."

నెత్తికెత్తుకోవడం లేదు. 5:34కి తాకింది. 5:41కి ఫోన్ చేశాను. మధ్యలో బండి నడుపుతున్నాను. వడగళ్ళు పడుతున్నాయి, రోడ్డు బురద. ఆ మట్టిరోడ్డు ఒక్కటే దారి. నేను చెప్పిన మరుక్షణం అందరి మ్యాపుల్లోనూ ఎర్రగుర్తు పడుతుంది. చుట్టూ యాభై మైళ్ళలో ఉన్న ప్రతివాడూ ఆ దారిమీదకే ఎగబడతాడు. పోయిన ఏడాది అలాగే ఒకరి బండి ఒకరికి అడ్డం పెట్టి అంబులెన్సుని ఆపేశారు. కాబట్టి రోడ్డు ఖాళీగా ఉండటం కూడా ముఖ్యమే. ప్రాణాలకి సంబంధించిన విషయమే అది కూడా.

చదువుకుంటే బాగానే ఉంది. ఏడిసినట్టుంది.

మే 24, ఆదివారం

టెక్సస్ ఉత్తరం కొన. మబ్బు బాగానే కట్టింది. దాని కింద నేలమీద ఏదో లేచింది. లేచీ లేవగానే ఫోన్ అందుకున్నాను. కర్ట్ ఏదో అంటున్నాడు, వినలేదు. టోర్నడో, నేలమీద ఉంది, ఫలానా రోడ్డు, సైరన్లు మోగించండి అని అరిచాను. పెట్టేసి రెండు నిమిషాలకి మళ్ళీ చేశాను. మళ్ళీ చేశాను.

మూడోసారి అవతల మనిషి చాలా ఓపిగ్గా, "మేడమ్, మీకు దగ్గర్లో ఇంకో నలుగురున్నారు. దున్నిన చేలో దుమ్ము లేస్తోందని చెబుతున్నారు. మీరు క్షేమంగానే ఉన్నారా?" అన్నాడు.

కర్ట్ నవ్వబోయాడు. నా చేతులు చూసి ఆపేశాడు. స్టీరింగ్ మీంచి అవి రావడం లేదు. వాడే ఒక్కో వేలూ విడదీసి, నన్ను పక్క సీట్లోకి జరిపి, బండి నడిపాడు. పద్నాలుగేళ్ళలో నా బండి వేరేవాళ్ళు నడపడం ఇదే మొదలు.

మే 25

లియోటా పోయింది. పొద్దున పదింటికి.

మే 26, మంగళవారం

క్రౌడర్ వాళ్ళమ్మాయి ఫోన్ చేసింది. పేరు ట్రీవా. నాకంటే రెండు మూడేళ్ళు చిన్నదేమో.

"మిమ్మల్ని ఇబ్బంది పెడుతున్నానండీ. కానీ మా నాన్న ఎవరి మాటా వినట్లేదు. తిండి మానేశాడు. గుండెకి మాత్రలు మానేశాడు, నాలుగు రోజులైంది. పెడితే తుపుక్కున ఉమ్మేస్తున్నాడు. ఫోన్ చేసి నేనే చంపుకున్నానే అంటాడు, అదొక్కటే మాట. పాస్టర్ చెప్పాడు, డాక్టరు చెప్పాడు. ఆరు నిమిషాలు టైముంది, అక్కడున్నావిడే చెప్పింది, మీకేం తెలుసు అని వాళ్ళ మీద అరుస్తున్నాడు."

ఫోన్ రెండో చెవికి మార్చుకున్నాను.

"మీరొక్కసారి వచ్చి చెప్పగలరా? మీ మాటైతే వింటాడు. అమ్మ చెయ్యి పట్టుకుని కూర్చున్నారు కదా మీరు. ఆదివారం పూడుస్తున్నాం. అప్పటిదాకా ఈయన ఉంటాడో లేదో నాకు భయంగా ఉందండీ."

"వస్తాను" అన్నాను. ఫోన్ పెట్టేశాక రోజులు లెక్కపెట్టాను.

నాలుగు రోజులు. అంటే శుక్రవారం నుంచి. నాతో మాట్లాడినప్పటి నుంచి.

మే 27, బుధవారం

పొద్దున టిఫిన్ హోటల్లో కర్ట్‌తో తగువు. గుడ్లు చల్లారిపోయాయి, ఇద్దరం తినలేదు.

"వెళ్ళు. వెళ్ళి, ఆరు కాదండీ మూడే, పొరపాటున చెప్పాను అను. అంతవరకు చాలు" అన్నాడు.

"నమ్ముతాడా? ఇంతమంది చెబితే నమ్మని మనిషి, నేను మాట మారిస్తే నమ్ముతాడా? కూతురు బతిమాలిందని చెబుతున్నావు అంటాడు. వీడియో కావాలి. గడియారం పడుతుంది కదా దాంట్లో."

"పడుతుంది. ఇంకా చాలా పడతాయి దాంట్లో."

"నాకు తెలుసు."

"తెలుసు తెలుసు అంటావు, నీకేం తెలియదు! అది బయటికొస్తే రేపట్నుంచి నువ్వు పిడుగు పడిందని చెప్పినా ఎవడూ నమ్మడు. మనతో కలిసి ఎవడూ బండి కట్టడు. ఆ ఊరివాళ్ళు కోర్టుకి లాగుతారు. పద్నాలుగేళ్ళు, మార్వా! నువ్వు చెప్పబట్టి బతికినవాళ్ళు ఎంతమంది లేరు? వాళ్ళ లెక్కేంటి మరి?"

"వాళ్ళని పట్టుకెళ్ళి ఆయనకి చూపించనా?"

కప్పు అవతలికి నెట్టాడు. వడ్డించే ఆవిడ కాఫీ కూజా పట్టుకుని వచ్చి, మా మొహాలు చూసి అటునుంచి అటే వెళ్ళిపోయింది.

"అది నేనెందుకు కోశాననుకున్నావు?" అన్నాడు కాసేపయ్యాక. "కెమెరా ఊగిందని కాదు."

మే 28, గురువారం, పొద్దున

రాయాలి. ఆయన ముందు చెప్పేముందు ఇక్కడన్నా చెప్పుకోవాలి.

అయిదింటికి మ్యాప్‌లో మా చుక్క ఆపేశాను. మేం ఎక్కడున్నామో అందరికీ చూపించే చుక్క. ఆఫీసువాళ్ళు కూడా దాన్ని చూసే, అటుపక్క ఎవరున్నారో వెతికి ఫోన్ చేస్తారు. ఆపేశాను. అందరం ఆపుతాం. మంచి మబ్బు దొరికితే పక్కవాడికి తెలియకుండా ఆపుతాం. తర్వాత నెట్‌వర్క్ లేదని చెబుతాం. ఒకళ్ళ అబద్ధం ఒకళ్ళకి తెలుసు.

5:34కి తాకింది. నేల మీద కొంచెం దుమ్ము లేచి, పైనుంచి గరాటు దిగి, రెండూ కలిశాయి. వడగళ్ళు లేవు. రోడ్డు పొడిగా ఉంది. బండి ఆపే ఉంది. నేను నడపడం లేదు. కిందికి దిగి కంచె దగ్గర నిలబడ్డాను.

కర్ట్ కెమెరా స్టాండు మీద పెట్టి ఫోన్ తీశాడు. "చేస్తున్నా" అన్నాడు.

"ఆగు" అన్నాను.

"తాకింది కదా, మార్వా."

"చూశాను. ఆగు, ఇంకొక్క నిమిషం. చేశావంటే పదినిమిషాల్లో ఇక్కడ సంత."

వాడు ఆగాడు. వాడు ఎప్పుడూ నా మాట వింటాడు, వాడి కర్మ. మూడు నిమిషాలయ్యాక మళ్ళీ అడిగాడు. అటు ఊరుంది అన్నాడు. ఊరు పేరు కూడా చెప్పాడు. చేల మీద పోతోంది, ఎవరికీ ఏం కాదు, ఇంకా వద్దు, అన్నాను. అప్పుడు ఎండ మబ్బు కిందనుంచి వచ్చి దానిమీద పడింది. నేను ఏడ్చాను, సంతోషంతో. అదీ ఉంది వీడియోలో.

ఎల్‌డ్రిక్ వైపు తిరిగాక ఫోన్ చేశాను. 5:41. గొంతు వణకలేదు.

5:34కి చేసి ఉంటే లియోటాకి పదినిమిషాలు ఉండేవి. ఫోన్లో మొగుణ్ణి తిట్టుకుని, చెప్పులు వెతుక్కుని, తలుపు గడియ పెట్టుకుని కూడా దిగేది. నేను చంపాను అని రాయడానికి చెయ్యి రావడం లేదు. రాశాను.

సాయంత్రం

మొత్తం వీడియో సర్వే ఆయనకి పంపేశాను. కర్ట్ పక్కన కూర్చుని చూశాడు. పంపమనలేదు, వద్దనలేదు. తర్వాత "పొద్దున్నే బయల్దేరదాం, నేను నడుపుతా" అన్నాడు.

మే 29, శుక్రవారం

ఎల్‌డ్రిక్. ట్రీవా వాళ్ళింటికి రెండు వీధుల అవతల, బండిలో కూర్చుని రాస్తున్నాను. కర్ట్ బయట నిలబడ్డాడు.

ట్రీవా తలుపు తీసి నన్ను కావలించుకుంది. వంటింటి బల్లనిండా ఊరివాళ్ళు తెచ్చిపెట్టిన వంటల గిన్నెలు, రేకు మూతలతో. కాఫీ ఇస్తానంది. వద్దమ్మా, ముందు ఆయనతో మాట్లాడాలి అన్నాను. వెండెల్ వెనక గదిలో కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నాడు. పదకొండు రోజుల్లో సగమయ్యాడు. చొక్కా బొత్తాలు ఎవరో పెట్టినట్టున్నాయి.

"వచ్చావా అమ్మా" అన్నాడు. లేవబోయాడు, లేవలేకపోయాడు.

కూర్చోమన్నాడు. కూర్చుంటే చెప్పలేనని నిలబడే చెప్పాను. "ఆరేడు నిమిషాలని మీకు అబద్ధం చెప్పానండీ. సైరన్ మోగాక మూడు నిమిషాలే. మీరు ఫోన్ చేసినా చేయకపోయినా ఆవిడకి సరిపోయేది కాదు."

"ట్రీవా చెప్పమందా?"

"కాదండీ. ఎందుకు మూడే ఉన్నాయో అది కూడా చెప్పాలి."

ల్యాప్‌టాప్ ఆయన ఒళ్ళో పెట్టాను. కింద గడియారం నడుస్తుంటుంది, అది చూడండి అన్నాను. చూశాడు. 5:34. కర్ట్ గొంతు వినపడింది. నా గొంతు వినపడింది.

"ఎవరది?"

"నేనేనండీ."

ఏడు నిమిషాలూ చూశాడు. మధ్యలో ఆపలేదు. ట్రీవా గుమ్మంలోకి వచ్చి నిలబడింది, చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. కర్ట్ ఊరి పేరు చెప్పినచోట వెండెల్ పెదాలు కదిలాయి. నేను ఏడ్చినచోట నావైపు ఒకసారి చూసి, మళ్ళీ తెరలోకి చూశాడు. 5:41కి నేను ఫోన్లో మాట్లాడటం కూడా విన్నాడు. 5:43కి దూరంగా సైరన్. 5:46 అయ్యేదాకా చూసి, మూత వేశాడు.

"ట్రీవా" అన్నాడు. "ఇలా రావే."

ఆ పిల్ల వచ్చి మోకాళ్ళ మీద కూర్చుంది.

"నా ఫోన్ వల్ల కాదటే."

"కాదు నాన్నా."

"మూడేనట. నేను చేయకపోయినా చాలేది కాదట. కాదటే, ట్రీవా, కాదట." అలా అంటూనే భళ్ళున ఏడ్చాడు, చిన్నపిల్లాడిలా, నోరు తెరిచి. ఆ అమ్మాయి ఆయన తల తన భుజానికి ఆనించుకుంది. ఆయన భుజం మీదుగా నావైపు చూసింది. ఆ చూపు గురించి నేనేం రాయను.

నిలబడ్డాను. వెళ్ళమని ఎవరూ అనలేదు, ఉండమనీ అనలేదు. క్షమించమని అడగబోయి మానేశాను. ఆ పదం అక్కడ అడ్డంగా ఉంటుందనిపించింది. చాలాసేపటికి ట్రీవా నీళ్ళగ్లాసూ మాత్రలూ తెచ్చింది. తీసుకున్నాడు.

నేను గది గుమ్మం దాటాక, "ఇదుగో" అని పిలిచాడు. అమ్మా అనలేదు.

తిరిగాను. కుర్చీ చేతులు పట్టుకుని లేచి నిలబడ్డాడు.

"ఆదివారం నువ్వు రావద్దు."

"రానండీ."

"ఒకటి చెప్పు. కంచె దగ్గర నిలబడి ఏడ్చావు కదా. అంత బాగుందా అది, చూడ్డానికి?"

ఆయనకి ఇంకో అబద్ధం చెప్పలేను.

"బాగుందండీ" అన్నాను. "అంత బాగున్నది నేనెప్పుడూ చూడలేదు."

తల ఊపాడు. నా వెనక తలుపు ఆయనే నడిచొచ్చి వేశాడు, చప్పుడు కాకుండా.